నాన్నది మొండితనం కాదమ్మా

చిరంజీవి అమ్మాయికి, పిన్ని దీవెనలు.

నాన్న పళ్లెంలో కుడి సగం తినేసి, ఎడమ సగం అలాగే ఉండగానే "ఇంకా పెట్టరేం?" అని విసుక్కుంటున్నారని రాశావు. అది మొండితనం కాదమ్మా. స్ట్రోక్ మెదడు కుడి భాగంలో వచ్చింది కదా, అలాంటివాళ్లలో చాలామందికి ఎడమవైపు ధ్యాసే పోతుంది. చూపు బాగానే ఉన్నా, ఆ వైపు ఒకటుందన్న సంగతే తట్టదు. డాక్టర్లు దీన్ని నెగ్లెక్ట్ అంటారు.

1978లో ఇటలీలో బిసియాక్, లుజ్జాట్టి అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి పేషెంట్లను మిలాన్ కెథడ్రల్ అనే పెద్ద చర్చి ముందున్న కూడలిని ఊహించుకుని చెప్పమన్నారు. కెథడ్రల్‌కు ఎదురుగా నిలబడ్డట్టు అనుకున్నప్పుడు వాళ్లు కుడివైపువే ఎక్కువ చెప్పారు. కెథడ్రల్ దగ్గర నిలబడి ఇటు చూస్తున్నట్టు అనుకోమంటే, అంతకుముందు వదిలేసినవి బయటికొచ్చాయి! జ్ఞాపకం చెక్కుచెదరలేదు, ధ్యాస అటు పోలేదంతే. అందుకని "కనపడట్లేదా?" అని కసరకు.

మాట్లాడేటప్పుడు మొదట కుడివైపు నుంచే పలకరించు. ఆయన నీ మొహం చూశాక, మాట ఆపకుండా మెల్లగా ఎడమవైపుకు జరుగు. పళ్లెం నువ్వే తిప్పేస్తే కడుపు నిండుతుంది గానీ అలవాటు రాదు. ముందు ఎడమ అంచును చేత్తో వెతికి పట్టుకోమను. పేపరు చదివేటప్పుడు ఎడమ అంచున ఎర్ర గీత గీసి, అది కనపడేదాకా తల తిప్పాకే లైను మొదలుపెట్టమను. ఎడమ చెయ్యి కొంచెమైనా కదులుతుంటే, ఆ వైపే పెట్టి కదిలించమను. దానివల్ల ధ్యాస కూడా అటు మళ్లడం నేను చాలామందిలో చూశాను.

ఇదంతా చేసేటప్పుడు టీవీ కట్టెయ్యండి, ఒకరే మాట్లాడండి. జవాబు ఆలస్యమైనా, ఆవులింతలు మొదలైనా ఆపెయ్. బద్ధకమని బలవంతపెడితే ఆ పూటంతా పాడవుతుంది. మొదటి మూడు నెలల్లో మార్పు తొందరగా కనపడుతుంది. తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు.

వీల్‌చైర్లోంచి లేచే ముందు ఎడమ బ్రేకు నువ్వే చూడు, ఆయన మర్చిపోతారు. లేపేటప్పుడు ఎడమ చెయ్యి పట్టి లాగొద్దు, భుజం జారుతుంది. కొత్తగా మాట తడబడినా, మూతి వంకర పోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రాత్రిళ్లు మీ తమ్ముణ్ణి కూర్చోమని చెప్పి నువ్వు పడుకో. ఇది నెలల తరబడి సాగే పని.

మీ పిన్ని