మాత్ర ఆపితే నొప్పి పోయింది... రుజువైనట్టేనా?

ప్రశ్న: నా వయసు 56. బీపీ ఉంది. సిగరెట్ మానేసి రెండేళ్లయింది. గుండెజబ్బు ఎప్పుడూ రాలేదు. చెడు కొలెస్ట్రాల్ 168 ఉందని మా డాక్టరుగారు అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. రాశారు. మూడో వారం నుంచి పిక్కలు, తొడలు లాగేస్తున్నాయి. అనుమానం వచ్చి మాత్ర ఆపితే ఐదు రోజుల్లో నొప్పి పోయింది. మళ్లీ వేసుకుంటే నాలుగో రోజుకే తిరగబెట్టింది. ఇలా రెండుసార్లు చూశాను. రాసుకున్న పేజీ ఫొటో పంపుతున్నాను. ఇంతకన్నా రుజువేం కావాలి? మా అబ్బాయేమో ఈ మందుతో గుండెపోటు ముప్పు 36 శాతం తగ్గుతుందని పెద్ద పరిశోధనలో తేలిందంటూ మానొద్దంటున్నాడు. అదే పరిశోధనలో ఆడవాళ్లకు ఉపయోగం కనిపించలేదని ఎక్కడో చదివి మా ఆవిడ తన మాత్ర మానేసింది. ఎవరి మాట నమ్మాలి?
- ఒక పాఠకుడు

జవాబు: మీ నొప్పి నిజం. అదంతా మీ ఊహ అని నేను అనబోవడం లేదు. మందు మీద అనుమానం వస్తే ఆపి చూడడం, మళ్లీ ఇచ్చి చూడడం మేమూ చేసే పనే. చాలామంది ఆపేసి ఊరుకుంటారు. మీరు తిరిగి వేసుకుని చూశారు, పైగా రాసిపెట్టారు. అందుకే ఆ పేజీని శ్రద్ధగా చదివాను.

మాత్ర వేసుకున్న రోజుల్లో నొప్పి గడిలో 5, 6, 7 అని అంకెలున్నాయి. ఆపాక మొదటి మూడు రోజులు రాశారు, ఆ తర్వాత గడులన్నీ ఖాళీ. ఖాళీ అంటే సున్నా అని మీ ఉద్దేశం కావచ్చు. కానీ నొప్పి లేని రోజు, నొప్పి గురించి ఆలోచించని రోజు ఒకటి కావు. ఇంకొకటి. రెండోసారి మాత్ర మొదలుపెట్టిన తేదీ పక్కన, మూలగా, చిన్న అక్షరాలతో 'వాకింగ్ 40 ని.' అని ఉంది. అలవాటు లేని కాళ్లు నాలుగో రోజుకు లాగడానికి అదొక్కటీ చాలు. నొప్పి మాత్ర వల్లా, నడక వల్లా అన్నది ఈ పేజీ తేల్చలేదు.

ఇవి సరిదిద్దుకోగలిగిన లోపాలే. అసలు చిక్కు వేరే ఉంది. ఏ రోజు మాత్ర వేసుకున్నారో మీకు తెలుసు.

మీలాంటివాళ్ల మీదే లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీవాళ్లు ఒక ప్రయోగం చేశారు. పేరు శామ్‌సన్, ఫలితాలు 2020లో వచ్చాయి. ఒళ్లు నొప్పులు వగైరాలతో స్టాటిన్ (మీ అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మానేసిన 60 మందిని తీసుకుని, ఒక్కొక్కరికి ఏడాదికి సరిపడా 12 సీసాలిచ్చారు. నాలుగింటిలో అటోర్వాస్టాటిన్, నాలుగింటిలో అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్రలు, మిగతా నాలుగు ఖాళీ. ఏ నెల ఏ సీసా అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ప్రతి ఒక్కరూ రోజూ తమ బాధకు ఫోన్‌లో సున్నా నుంచి వందలోపు మార్కు వేశారు. ఖాళీ సీసా నెలల్లో సగటు 8. మందు నెలల్లో 16.3. ఉత్తుత్తి మాత్ర నెలల్లో 15.4! ఆపగానే ఉపశమనం కూడా రెండు మాత్రలకూ ఒకేలా వచ్చింది. అంటే ఆ బాధలో అధిక భాగం మందు తెచ్చింది కాదు. 'మాత్ర వేసుకున్నాను, ఏమవుతుందో' అన్న టెన్షన్‌తో ఒంటిని కాచుకుని కూర్చోవడం తెచ్చింది. దీన్ని మేం నోసీబో అంటాం. బాధ మాత్రం అబద్ధం కాదు, దాని కారణమే వేరు. తమ అంకెలు తాము చూసుకున్నాక ఆ 60 మందిలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

కాబట్టి మీదీ నోసీబోయే అనేస్తే నేనూ తప్పు చేసినట్టే. వాళ్లంతా మాత్ర మొదలెట్టిన రెండు వారాల్లోపే బాధ వచ్చి మానేసినవాళ్లు. మీకు నొప్పి వచ్చింది మూడో వారంలో. పైగా అది సగటు లెక్క. సగటులో కలిసిపోయిన ఒకరిద్దరికి నిజంగా మందే కారణమై ఉండొచ్చు. ఎటూ తేలనప్పుడు 'తేలలేదు' అనడం మా వృత్తిలో కష్టమైన పని. పేషెంటు ఎదురుగా కూర్చున్నప్పుడు మరీనూ.

ఇక మీ అబ్బాయి చెప్పిన 36 శాతం. ఆ అంకె 2003లో వచ్చిన ఆస్కాట్ అనే పరిశోధనది. అబద్ధం కాదు, కానీ విప్పి చూడాలి. బీపీతో పాటు ఇంకో మూడు ముప్పు కారణాలైనా ఉన్నవాళ్లు 10,305 మంది. అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. తీసుకున్న 5,168 మందిలో 100 మందికి గుండెపోటు రావడమో, గుండెజబ్బుతో చనిపోవడమో జరిగింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 5,137 మందిలో 154 మందికి. వెయ్యి మందికి లెక్కేస్తే 30 కాస్తా 19 అయింది. 36 శాతం అన్నా, వెయ్యికి 11 మంది అన్నా ఒకటే లెక్క, వినడానికే తేడా. ఐదేళ్లు నడపాలనుకున్న ఆ ప్రయోగాన్ని మంచి ఫలితం కనిపించిందని సుమారు మూడేళ్ల మూడు నెలలకే ఆపేశారు. ఇలా ముందే ఆపినవాటిలో లాభం కాస్త ఎక్కువగా కనబడే అవకాశం ఉంటుంది. స్టాటిన్ల మీద తర్వాత వచ్చిన పరిశోధనలూ లాభం వైపే చూపాయి కనుక ఈ మందు విషయంలో నాకు ఆ బెంగ లేదు.

ఇక్కడే మీ ఇద్దరి వాదన ఎందుకు తెగడం లేదో చూడండి. కాళ్ల నొప్పి వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. కనుక దాన్ని మీ ఒక్కరి మీదే పరీక్షించవచ్చు, కాకపోతే కళ్లకు గంతలు కావాలి, అంటే వేసుకుంటున్నది మందో ఉత్తుత్తి మాత్రో మీకు తెలియకూడదు. గుండెపోటును అలా 'ఆపి చూద్దాం, వేసి చూద్దాం' అనలేం కదా! దానికి వేలమంది కావాల్సిందే. ఆ 11 మందిలో మీరుంటారా లేదా అన్నది మాత్రం ఏ పరిశోధనా చెప్పదు.

మీ శ్రీమతి మాత్ర మానడానికి చూపిన కారణం సరైంది కాదు. ఆస్కాట్‌లో ఆడవాళ్లు రెండు వేల లోపే. వాళ్లలో మందు తీసుకున్నవారికి 19, తీసుకోనివారికి 17 ఘటనలు. ఇంత చిన్న అంకెలతో ఏమీ తేలదు. 1988లో గుండెపోటు రోగులకు ఆస్పిరిన్ ప్రాణం కాపాడుతుందని తేల్చిన ఐసిస్-2 పరిశోధకులు, ఇలా ముక్కలు చేసి చూడమన్నవారికి బుద్ధి చెప్పడానికి రోగులను రాశులవారీగా విడదీశారు. మిథునం, తులవాళ్లకు ఆస్పిరిన్ పనిచేయనట్టే కనిపించింది! స్టాటిన్ల విషయంలో అనేక పరిశోధనలను కలిపి చూస్తే, ముప్పు సమానంగా ఉన్నప్పుడు ఆడవాళ్లకూ దాదాపు మగవాళ్లంత లాభమే ఉంది. ఆమెను తన డాక్టరుతో మాట్లాడమనండి.

మీరు ముందు సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూపేది), థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించండి. వాడుతున్న మిగతా మందులు డాక్టరుకు చెప్పండి. క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ స్టాటిన్‌తో కలిస్తే కండరాలు నిజంగానే దెబ్బతినొచ్చు. మూత్రం ముదురు గోధుమరంగులోకి మారినా, కుర్చీలోంచి లేవలేనంత నీరసం వచ్చినా ప్రయోగాలు కట్టిపెట్టి, మాత్ర ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రిపోర్టులు బాగుంటే డోసు తగ్గించడమో, వేరే స్టాటిన్‌కు మారడమో, అదీ పడకపోతే స్టాటిన్ కాని ఎజెటిమైబ్ లాంటి కొలెస్ట్రాల్ మందో డాక్టరు చూస్తారు. మళ్లీ ఆపి చూడాలనుకుంటే ఆయనకు చెప్పే చేయండి. నడక మార్చకండి. రోజూ ఒకే వేళకు అంకె వేయండి, సున్నా అయితే సున్నా అనే రాయండి. (గతంలో గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ ఉన్నవాళ్లు ఇది చదివి సొంతంగా మాత్ర ఆపొద్దు.)

డాక్టరు దగ్గరికి ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి. 'వాకింగ్' అని రాసిన మూల ముందు చూపించండి.