ఫ్రెట్లు అరిగితే రుద్దాలా, మార్చాలా?

తమ్ముడూ, కావలిలో కొన్న సెకండ్ హ్యాండ్ గిటార్‌కి మొదటి మూడు ఫ్రెట్ల (నెక్, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు) మీద గుంటలు పడ్డాయి, బీ తీగ రెండో ఫ్రెట్‌లో నొక్కితే జుయ్యిమంటోంది అన్నావు కదా, అన్నీ పీకాల్సిందేనని షాపాయన చెప్పాడని అప్పుడే డబ్బులు పెట్టకు. ముందు గుంట అడుగున ఎంత ఎత్తు మిగిలిందో చూడు. కొత్త ఫ్రెట్ సుమారు 1 నుంచి 1.3 మి.మీ. ఉంటుంది, ఇంకా 0.8 ఉంటే ఇంట్లో రుద్దుకోవచ్చు, 0.6 కన్నా తగ్గితే మార్చడమే మేలు.

తీగలు తీసి, ట్రస్ రాడ్‌తో (నెక్ లోపల ఉండే, తిప్పితే దాని వంపు మారే కడ్డీ) నెక్‌ని తిన్నగా చేసి (ఇది వదిలేస్తే పనంతా బూడిదలో పోసిన పన్నీరే), ఫ్రెట్ల మధ్య చెక్క బోర్డుకి మాస్కింగ్ టేప్ వేసి, ఫ్రెట్ల మీద మార్కర్ పూసి, వంపులేని అల్యూమినియం చానెల్‌కి 400 నంబర్ ఎమరీ పేపర్ అంటించి అన్నింటి మీదా మార్కర్ చెరిగేదాకా నెక్ పొడవునా రుద్దు. గుంటలు పడ్డ మూడింటినే రుద్దావంటే అవి ఇంకా దిగిపోయి గోల ఎక్కువవుతుంది, నేను మొదట చేసిన తెలివితక్కువ పని అదే. తర్వాత మూడు మూలల సన్న ఆకురాయితో రెండు వైపులా దించి పైభాగం గుండ్రంగా చెయ్యి, బల్లపరుపుగా వదిలేస్తే శ్రుతి తేడా కొడుతుంది. ఆఖరికి 1000, 2000 పేపర్లతో నునుపు చెయ్యి.

గుంటలు మరీ లోతైతే ఆ మూడే మార్చి, కొత్తవాటిని పాతవాటి ఎత్తుకి దించొచ్చు, కానీ పీకేటప్పుడు చెక్క పెచ్చులూడుతుంది, ఆ పని తెలిసినవాడికే ఇవ్వు. అన్నీ మారిస్తే మాత్రం ఫ్రెట్లు ఎత్తై నట్ (నెక్ పైచివర తీగలు కూర్చునే గాట్ల పట్టీ) కూడా మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు ముందే అడుగు.

ఇంకోటి, మన సముద్రపు గాలికి తీగలు తుప్పుపట్టి ఫ్రెట్లని కోసేస్తాయి, వాయించాక పొడిగుడ్డతో తుడువు.