అమ్మానాన్నలను ఏమడుగుతున్నాం?

డాలస్‌కు కొత్తగా వచ్చినవాళ్లు, అమ్మానాన్నలను ఆరు నెలలకు పిలిపించుకునే ముందు, నన్ను వీసా గురించే అడుగుతారు. ఆ అమ్మానాన్నల మనసు గురించి కూడా అడగండి.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మూడో నెలకల్లా మోకాళ్ల నొప్పులు, నిద్రలేమి మొదలయ్యాయి. అన్నం సహించేది కాదు. పరీక్షల్లో ఏమీ తేలలేదు. పెద్దవయసులో దిగులు తరచూ ఇలా ఒంటి నొప్పుల రూపంలోనే బయటపడుతుందని డాక్టరు చెప్పాక గాని మాకు అర్థం కాలేదు. ఊళ్లో రోజంతా ఎవరో ఒకరు ఆమెను పలకరించేవారు. ఇక్కడ కారు లేనిదే వీధి చివరికి కూడా వెళ్లలేదు. మేము ఆఫీసుకు, పాప బడికి వెళ్లిపోయేవాళ్లం.

మార్పు పాపతోనే వచ్చింది. వామనగుంటలు నేర్పమని అడిగింది. పన్నెండు గుంటల గుడ్ల అట్టకు రెండు గిన్నెలు చేర్చి పద్నాలుగు చేశారు, చింతగింజలకు బదులు రాజ్మా గింజలు. సాయంత్రం ఆట కోసం అమ్మ మధ్యాహ్నం నుంచే ఎదురుచూసేది. తనతో ఇంకా ఎవరికో పని ఉందన్న ధీమా ఆమెను నిలబెట్టింది.

అలాగని పసిబిడ్డను పొద్దస్తమానం వాళ్లకే అప్పగించకండి. మనవడి మీద ప్రేమ ఎంతున్నా నడుము అలిసిపోతుంది, పైకి చెప్పుకోలేరు. వారానికి రెండు రోజులైనా సెలవివ్వండి.

సందర్శకుల బీమా చాలావరకు పాత జబ్బులకు వర్తించదు. బీపీ, షుగరు, దిగులు మందులు చీటీతో సహా సరిపడా తెచ్చుకోమనండి. దిగులు మందు డాక్టరును అడగకుండా ఆపకూడదు. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లు "మాకెందుకీ బతుకు" అంటుంటే దాన్ని మామూలు మాటగా వదిలేయకండి, వెంటనే డాక్టరుకు చూపించే ఏర్పాటు చేయండి. 2022లో మొదలైన టెలిమానస్ (భారత ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోను సేవ)కు అక్కడి నుంచి 14416 నొక్కితే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక ఫోను. వేసవిలో మనకంటే వాళ్లు పదిన్నర గంటలు ముందుంటారు, చలికాలంలో పదకొండున్నర. ఒక వేళ నిర్ణయించుకుని తప్పకుండా చేయండి. "తిన్నారా, మందులు వేసుకున్నారా" దగ్గరే ఆగిపోకండి. నాన్న వ్యవసాయం చేసిన మనిషి. మా పెరట్లో బెండ మొక్కలకు పేనుబంక పడితే ఏం చేయాలని ఆయననే అడిగాను. అరగంట చెప్పారు. ఆ ఆదివారం నేను చేసేలోపే ఆయన ఫోను వచ్చింది, పిందె పడిందా అంటూ.