షోరూముకి వెళ్లే ముందు ఎర్తు గుంట చూడు

పాలకొల్లు,
శుక్రవారం రాత్రి

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం కులాసా. నువ్వు మొన్న ఫోన్లో అడిగిన సంగతి ఫోన్లో తేలేది కాదు, అందుకే కాగితం తీశాను. నీకేమో కరెంటు కారు కావాలి. అల్లుడుగారు డీజిలు బండి అంటున్నారు. మీ మావగారు పెట్రోలు కారే దిక్కంటున్నారు. మధ్యలో నన్ను పెద్దమనిషిని చేశారు. ముప్పై ఏళ్లు డీజిలు ఇంజన్ల కింద పడుకుని, ఇప్పుడు మూడేళ్లుగా మీ బావ కొన్న కరెంటు కారు తోలుతున్నవాణ్ణి. నాకు ఎవరి దగ్గరా మొహమాటం లేదు.

షోరూముకి తర్వాత వెళ్దువుగాని, ముందు మీ ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లు. మీరు ఉండేది అద్దె ఇల్లు, అదీ మేడ మీద. కారు కింద పోర్టికోలో పెడతావు. అక్కడ 15 ఆంపియర్ల ప్లగ్గు పెట్టుకోనిస్తారా, పెట్టుకోనిస్తే ఏ మీటరు నుంచి అన్నది తేలకుండా అడ్వాన్సు కట్టకు. వాళ్ల మీటరు నుంచే లాగితే నెల తిరక్కుండానే పేచీ వస్తుంది. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు 400 యూనిట్లు దాటితే యూనిట్ 9 రూపాయల 75 పైసలు. నీ కారు వల్ల ఆయన ఇంటి బిల్లు ఆ శ్లాబులోకి పోతే, రేపు ఏసీ బిల్లు కూడా నీ నెత్తినే రుద్దుతారు. కరెంటు బండి చార్జింగుకి విడిగా కనెక్షను అడగొచ్చు, అదే మేలు.

గోడకి పెద్ద చార్జరు బిగించుకోవాలని షోరూం కుర్రాళ్లు హడావిడి చేస్తారు. నీకు అక్కర్లేదు. నీ తిరుగుడు రోజుకి 60 కిలోమీటర్లు. అందుకు పది యూనిట్లు చాలు. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకి మూడు యూనిట్ల చొప్పున ఎక్కిస్తుంది. నువ్వు అన్నం తిని పడుకునేసరికి సగం అయిపోతుంది. కాకపోతే ఆ ప్లగ్గుకి మెయిన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల మందం రాగి వైరు విడిగా లాగించు, లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు, అదే ఎంసీబీ, పెట్టించు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం పెట్టకు. మిక్సీ తిప్పుకునే వైరు మీద రాత్రంతా మూడు కిలోవాట్లు లాగితే ప్లగ్గు కరిగిపోతుంది.

ఇక ఎర్తింగు, అంటే లీకైన కరెంటుని నేలలోకి దింపే ఏర్పాటు. ఇది రాయడానికే అసలు ఉత్తరం మొదలుపెట్టాను. కారు కొన్న మొదటి ఎండాకాలం, మేలో, కాలవలకి నీళ్లు ఆపేసిన పది రోజులకి, ఒక రాత్రి చార్జరు మీద ఎర్ర లైటు వచ్చింది. మీ బావ కంపెనీ మీద ఎగిరాడు. ఫోన్లు చేశాడు. టోల్‌ఫ్రీ అమ్మాయి "మీ అభ్యర్థన నమోదైంది సార్" అంది. పొద్దున్నే నేను వోల్టులు చూసే మీటరు తీసి న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య పెట్టి చూస్తే నలభై వోల్టులు చూపించింది. అది రెండు మూడు దాటకూడదు. పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన ఎర్తు గుంట మూత తీశాను. ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు వేసిన బొగ్గూ ఉప్పూ. పైన మట్టి బీటలు వారి ఉంది. మట్టి ఎండితే ఎర్తు సరిగా పట్టదు. రెండు బకెట్ల నీళ్లు పోశాను. బుడబుడమని పీల్చేసింది. ఇంకో రెండు పోసి, కాఫీ తాగి వచ్చి ప్లగ్గు పెడితే పచ్చ లైటు. గోదావరి జిల్లాలో పుట్టి నీళ్లు లేక కారు ఆగిందంటే నవ్వుతారని చాలారోజులు ఎవరికీ చెప్పలేదు. మిక్సీలూ ఫ్యాన్లూ ఎర్తు లేకపోయినా తిరుగుతాయి, ఈ కార్లు ఒప్పుకోవు. అది మన మంచికే.

లెక్క చెప్తాను. నీకు నెలకి పాతిక రోజులు వేసుకుంటే 1,500 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110, గోదావరి లంకల రోడ్ల మీద మైలేజీ 15 అనుకుంటే నెలకి 11,000. డీజిలు అయితే ఎనిమిది వేల పైన. కరెంటు కారు యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు వస్తుంది, పై శ్లాబు రేటే వేసుకున్నా 2,500 దాటదు. పెట్రోలు మీద నెలకి ఎనిమిదిన్నర వేలు, ఏడాదికి లక్ష మిగులుతాయి. సాటి పెట్రోలు కారుకీ దీనికీ తేడా నాలుగు లక్షలైతే నాలుగేళ్లలో తీరిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, కరెంటు కారుకి 5 అలాగే ఉంది. కాబట్టి పాత లెక్కలు చెప్పేవాళ్ల మాట వినకు, కొటేషన్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

అదే లెక్క మీ మావగారికి వేయి. ఆయన నెలకి మూడొందల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. ఆయనకి నాలుగు లక్షలు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. పైగా మీ ఊళ్ల వాళ్లు ఎదుర్లంక వంతెన దాటి యానాంలో తక్కువ రేటుకి ట్యాంకు నింపుకొస్తారు. ఆయన మాట ఆయనకి రైటే. నీకు కాదు.

అల్లుడుగారితో నా మాటగా చెప్పు. డీజిలంటే నాకు పగ లేదు, నాకు అన్నం పెట్టింది అదే. అయితే ఆయన మనసులో ఉన్నది పాత డీజిలు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చాక చిన్న కార్లలో డీజిలు దాదాపు పోయింది, మారుతి మొత్తానికే మానేసింది. ఇప్పటి డీజిళ్లకి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఒకటుంటుంది, డీపీఎఫ్ అంటారు. బండి హైవే మీద అరగంట తగ్గకుండా పరిగెడితే ఆ మసి కాలిపోతుంది. నీ ఉద్యోగం ఏమిటి? పశువుల డాక్టరువి. నాలుగు కిలోమీటర్లకొక పాక దగ్గర ఆగి, గేదెకి సూది వేసి, మళ్లీ బయల్దేరడం. ఆ ఫిల్టరు నెలల్లో మూసుకుపోతుంది. రోజూ బెజవాడకో వైజాగుకో తిరిగేవాడికీ, మేత బస్తాలు మోసేవాడికీ డీజిలు ఇప్పటికీ మంచిదే.

నీకు ఇంకో సుఖం ఉంది. మే నెల ఎండలో వ్యాక్సిన్ డబ్బా కారులో పెట్టి నువ్వు పాకలోకి వెళ్తావు. కరెంటు కారులో ఇంజను రొద లేకుండా ఏసీ వేసి ఉంచొచ్చు.

సీఎన్‌జీ గురించి అడిగావు. ఖర్చు తక్కువే. కానీ డిక్కీ సిలిండరుకే పోతుంది, నీ మందుల పెట్టెలు ఎక్కడ పెడతావు? మూడేళ్లకోసారి సిలిండరు టెస్టు కూడా చేయించాలి. వదిలెయ్.

వరద సంగతికి వస్తే, మీరందరూ భయపడేది అదే. 2022 జులై వరదకి లంకల్లో ఏమైందో నీకు నేను చెప్పక్కర్లేదు. చాలా కార్ల బ్యాటరీలకి ఐపీ67 అని రాస్తారు. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు దిగకూడదని. ఆ మాట నమ్మి కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే తోలకు. బండి మునిగితే ఏ బండైనా ఒకటే పద్ధతి: పెట్రోలుదైతే సెల్ఫు కొట్టకు, కరెంటుదైతే ప్లగ్గు పెట్టకు. లాగించి తీసుకెళ్లాలి. ఇన్సూరెన్సులో పెట్రోలుకి ఇంజను కవరు, దీనికి బ్యాటరీ కవరు ఉందో లేదో సంతకం పెట్టేముందే చూసుకో. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాలు కలుపుతున్నారు, ట్యాంకులోకి నీరు దిగితే ఇథనాలు ఆ నీళ్లతో కలిసి అడుక్కి చేరుతుంది. కాబట్టి పెట్రోలుకీ నీటి గండం తప్పదు.

తుపాను వస్తే కరెంటు పోతుంది కదా అన్నారు మీ అత్తగారు. నిజమే. 1996 నవంబరు తుపాను తర్వాత మన ఇళ్లలో లైటు వెలగడానికి వారాలు పట్టింది. అయితే కరెంటు లేకపోతే జనరేటరు లేని బంకులో పెట్రోలూ రాదు. హెచ్చరిక వినగానే వంద శాతం ఎక్కించి పెట్టుకో, నీ తిరుగుడికి నాలుగు రోజులు వస్తుంది. మామూలు రోజుల్లో మాత్రం కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసినట్టే చెయ్యి. ఎల్‌ఎఫ్‌పీ అనే రకం (లిథియం ఐరన్ ఫాస్ఫేటు) బ్యాటరీ అయితే అప్పుడప్పుడు నూరు దాకా ఎక్కించమంటారు, ఇంకో రకానికి 80 దగ్గర ఆపమంటారు.

బ్యాటరీ అద్దెకిస్తాం, కారు చవగ్గా వస్తుంది, కిలోమీటరుకి ఇంత కట్టు చాలు అని ఒక స్కీము చెప్తారు. కౌలుకి చెరువు తీసుకున్నట్టు ఉంటుంది, నీలా బాగా తిరిగేవాళ్లకి గిట్టదు. బ్యాటరీ గ్యారంటీ చాలామంది 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తారు. ఎంత శాతం కంటే తగ్గితే మారుస్తారో కాగితం మీద చూపించమను. నోటి మాట వద్దు.

మాకు రోడ్డు మీద కారు ఆగింది ఒక్కసారే, అదీ పెద్ద బ్యాటరీ వల్ల కాదు. లోపల 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటుంటుంది, అది చచ్చిపోయింది. లక్షల బ్యాటరీ నిండుగా ఉన్నా తలుపు కూడా తెరుచుకోలేదు. మీ అత్తయ్య సంతలో కొన్న చేపల సంచితో ఎండలో నిలబడి నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను. మూడేళ్లు దాటితే ఆ చిన్నది మార్పించు. ఇంకోటి, ఈ కారుకి బ్రేకు తక్కువ పడుతుంది, కాలు తీస్తేనే ఆగుతుంది. సముద్రపు ఉప్పుగాలికి వాడని బ్రేకు డిస్కులు తుప్పు పడతాయి. రోజుకి నాలుగైదుసార్లు గట్టిగా తొక్కు.

హైదరాబాదు మాట. అమలాపురం నుంచి నాలుగొందల కిలోమీటర్లు పైనే. దారిలో ఒకసారి, తొందరపడి స్పీడుగా తోలితే రెండుసార్లు ఆగాలి. ఫాస్ట్ చార్జరు దగ్గర యూనిట్ ఇంటి రేటుకి రెట్టింపు పైనే పడుతుంది. సంక్రాంతికి అందరూ ఒకేసారి బయల్దేరతారు కాబట్టి వరస ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు ఆ బాధ పడలేనంటే రైలెక్కు.

మొత్తానికి ఓనరు ఒప్పుకుంటే కరెంటు కారు, ఒప్పుకోకపోతే పెట్రోలు. డీజిలు వద్దు. అల్లుడుగారికి ఇది మెల్లిగా చెప్పు, నా పేరు పెట్టి చెప్పినా ఫరవాలేదు.

ఎల్లుండి ఆదివారం చించినాడ వంతెన మీదుగా మన కారులోనే వస్తాను. మీటరు, టెస్టరు తెస్తాను. ఓనరుగారిని ఇంట్లో ఉండమను. ఎర్తు గుంట ఎక్కడుందో ఆయనకైనా తెలుసేమో అడుగు, రెండు బకెట్ల నీళ్లు తోడి ఉంచు.

ఇట్లు,
మావయ్య