కెమోమైల్ డబ్బా కొన్నావు సరే, అందులో ఏముందో విను

అమ్మడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. నిద్ర కోసం కెమోమైల్ పూల టీ మొదలుపెట్టావు, బాగానే ఉంది. కానీ చివర్లో "అత్తయ్యగారికి కూడా రాత్రి ఒక కప్పు ఇస్తున్నాను పెదనాన్నా" అని రాశావు చూడు, ముందు అది ఆపు. ఈ రాత్రి నుంచే. ఆవిడకి గుండె వాల్వ్ మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటున్నారు. వార్ఫరిన్ వాడుతున్న 70 ఏళ్ళావిడ ఒకరు కెమోమైల్ టీ తెగ తాగి, ఒంటికి కెమోమైల్ లోషన్ కూడా రాసుకుని, లోపల రక్తస్రావమై ఆసుపత్రి పాలైన కేసు 2006లో కెనడా వైద్య పత్రికలో వచ్చింది. ఒక్క కేసే కదా అంటావేమో, రక్తం పలచబడే మందు దగ్గర ఒక్క కేసైనా చాలు భయపడటానికి. ఆపేసి ఊరుకోవద్దు కూడా, ఇన్నాళ్ళు ఇచ్చామని డాక్టరుగారికి చెప్పి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించు, ఎందుకంటే ఆపినా ఆ అంకె కాస్త అటూఇటూ కావచ్చు.

ఇక నీ సంగతి. "పువ్వే కదా, ఏం చేస్తుందిలే" అనే మాట మన ఇళ్ళలో ఎక్కువ. ఏమీ చెయ్యకపోతే తాగడం ఎందుకు, చేస్తుందనుకుంటే మందులాగే చూడాలి కదా. ఫార్మసీ పిల్లలకు మొక్కల పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇలా విసుక్కుంటానని నీకు తెలుసు.

ఇది చేమంతి కుటుంబంలోదే కానీ మన చేమంతి కాదు. మందుకు ఎక్కువగా వాడేది జర్మన్ రకం, మాట్రికేరియా కెమోమిల్లా. యునానీ హకీములు గుల్-ఎ-బాబూనా అని ఎప్పటి నుంచో ఇస్తున్నారు, లక్నో వైపు పండిస్తారు కూడా. కాబట్టి పూర్ణా మార్కెట్‌లో దండలకు అమ్మే చేమంతులు తెచ్చి ఎండబెట్టి మరిగిద్దామని నీకెవరైనా సలహా ఇస్తే వినకు. ఆ పూలు పండించింది దండలకు, తాగడానికి కాదు, వాటి మీద ఏ పురుగుమందు ఎన్నిసార్లు కొట్టారో అడిగే నాథుడు లేడు.

కొనేటప్పుడు పొడి ఉన్న బ్యాగుల కంటే పువ్వు పువ్వుగా ఉన్నది కొను. ఒక పువ్వు తీసుకుని మధ్యలో ఉన్న పసుపు బుడిపెను గోటితో నిలువునా చీల్చి చూడు. లోపల బోలుగా, చిన్న గుడారంలా ఖాళీ ఉంటే అది జర్మన్ రకం. గట్టిగా నిండుగా ఉంటే రోమన్ కెమోమైల్ కావచ్చు, అదీ మంచిదే కానీ మొక్క వేరు, లోపలి సరుకు వేరు. తెల్ల రేకులు పోయి వట్టి పసుపు బుడిపెలే మిగిలిన డబ్బా మాత్రం వెనక్కి ఇచ్చెయ్. ఎందుకంటే నువ్వు నిద్ర కోసం వెతుక్కునే ఎపిజెనిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండేది ఆ తెల్ల రేకుల్లోనే, గ్లూకోజు అంటుకున్న రూపంలో. ఘాటైన నూనె ఉండేది పసుపు బుడిపెలో. రెండూ ఉంటేనే పువ్వు.

ఆ నూనె గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. పువ్వును ఆవిరి పట్టి నూనె తీస్తే సిరాలాగా నీలంగా వస్తుంది. పువ్వులో నీలం ఎక్కడా ఉండదు, మాట్రిసిన్ అనే రంగులేని పదార్థం ఆ వేడికి విరిగి కెమాజులీన్ అవుతుంది, ఆ నీలం దానిదే. దానితో పాటు ఆల్ఫా బిసబొలాల్ ఉంటుంది, చర్మం మంటను తగ్గిస్తుందని క్రీముల్లో వేసేది అదే. మొత్తం కలిపినా ఎండు పువ్వు బరువులో నూనె ఒక శాతం అటూఇటూ, అంతే. అందుకని దాన్ని పోగొట్టుకోకుండా కాచుకోవాలి.

నువ్వేమో మన టీలాగా గిన్నెలో వేసి పాలు పోసి బుడబుడా మరిగిస్తున్నానని రాశావు! అలా చేస్తే వంటిల్లంతా కమ్మగా వాసన వస్తుంది, నీ కప్పులోకి మాత్రం రాదు. నీళ్ళు మరిగించి పొయ్యి కట్టేసి, చిన్న కప్పుడు నీళ్ళకు, అంటే 150 మిల్లీలీటర్లకు, మూడు గ్రాముల పువ్వు వేసి వెంటనే పళ్ళెం మూత పెట్టు. పది నిమిషాలు ఆగు. మూత తీసేటప్పుడు దాని లోపల పట్టిన చుక్కల్ని కప్పులోకే వంచు, ఆవిరైన నూనెలో కొంత అక్కడే ఉంటుంది. ఎంత చేసినా నూనెలో ఎక్కువ భాగం పువ్వులోనే మిగిలిపోతుంది, అది నీళ్ళల్లో కరిగే రకం కాదు. చిన్న బ్యాగు ముంచి రెండు నిమిషాల్లో తీసేస్తే వచ్చేది వాసన నీళ్ళే. పడుకోవడానికి గంట ముందు తాగు, మరీ మంచం ఎక్కే ముందు తాగితే బాత్‌రూమ్ కోసం లేవాలి.

డబ్బా మూత బిగుతుగా ఉండాలి. మీ ఫ్లాట్ సముద్రం వైపు, బాల్కనీ తలుపు తెరిస్తే చాలు ఉప్పే మెత్తబడిపోతుంది, పువ్వు ఆగుతుందా? గాజు సీసాలో వేసి, వెలుతురు తగలని అలమరలో పెట్టు. బూజు వాసన వస్తే పారెయ్, పిసినారితనం వద్దు.

నిద్ర వస్తుందా అంటే, ఉన్నదున్నట్టు చెబుతాను. ఎపిజెనిన్ మెదడులో ఆందోళన తగ్గడానికి ఇచ్చే ఆల్ప్రజోలం లాంటి మాత్రలు పట్టుకునే చోటునే పట్టుకుంటుందని 1995లో తేల్చారు, ఎలుకల్లో ఆందోళన తగ్గింది కూడా. మనుషుల్లో, 2009లో అమెరికాలో ఎనిమిది వారాలు క్యాప్సూళ్ళు ఇచ్చి చూస్తే టెన్షన్ ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఉత్తుత్తి మాత్ర కంటే కొంత మేలు కనిపించింది. నిద్రలేమి ఉన్న 34 మందితో చేసిన 2011 పరీక్షలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా వాళ్ళు ఇచ్చింది లెక్క కట్టిన సారం, నీ కప్పు కాదు. కాబట్టి నీకు పట్టనిది నిద్రా, లేక రుషికొండ ఆఫీసు షిఫ్టు మనసులో తిరుగుతోందా చూసుకో. రెండోదైతే ఈ టీ ఆసరాగా పనికొస్తుంది. మొదటిదైతే రాత్రి పదకొండింటికి తాగే ఫిల్టర్ కాఫీ మానకుండా దీన్ని తిట్టి లాభం లేదు.

మీ లేఅవుట్ ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ ఉంది కదా, అది తగిలితే నీకు తుమ్ములు, దద్దుర్లు వస్తాయని మీ అమ్మ చెప్పింది. అదీ ఈ కుటుంబమే. ఇలా కాచింది మొదట రెండు గుటకలే తాగి ఒక రోజు ఆగు, పెదాలు దురద పెట్టినా గొంతు బిగిసినట్టున్నా మళ్ళీ ముట్టుకోకు, ఊపిరి ఆడటం కష్టమైతే క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళు. నిద్రమాత్రలతో కలపకు. కడుపుతో ఉంటే డాక్టరుని అడగకుండా వద్దు. పళ్ళు వస్తున్నాయని మీ ఆడపడుచు పసివాడికి చెంచాతో పోస్తానంటే అస్సలు వద్దను.

బాల్కనీలో పెంచుతానంటున్నావు, అయితే ఇప్పుడు కాదు. ఈ మొక్కకు చలి కావాలి, మన ఉక్కపోతలో నిలవదు. నవంబరులో విత్తు. వెయ్యి గింజలు కలిపినా 0.1 గ్రాము దగ్గరే ఉంటాయి, దుమ్ములా ఉంటుంది, ఇసుకలో కలిపి చల్లు. పైన మట్టి కప్పకు, వెలుతురు తగలాలి. చెంబుతో నీళ్ళు పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి, స్ప్రే సీసాతో తడుపు. రేకులు అడ్డంగా విచ్చుకున్నప్పుడు కొయ్యి, కిందికి వాలిపోయేదాకా ఆగకు. నీడలోనే ఆరబెట్టు. విత్తనాలు దొరక్కపోతే చెప్పు, మా వైపు నర్సరీలో అడుగుతాను.

మీ పెదనాన్న