మ్యాజిక్ మష్రూమ్స్ అన్నిటికీ ఒకే ఘాటు ఉంటుందా?

ఉండదు. మెహిదీపట్నం రైతు బజార్‌లో బజ్జీ మిరపకాయా, గుంటూరు మిరపకాయా పక్కపక్కనే ఉంటాయి. రెండూ మిరపే, కొరికితే తెలుస్తుంది తేడా. ఇదీ అంతే.

ఈ పుట్టగొడుగుల్లో భ్రమలు కలిగించే అసలు సరుకు సైలోసిబిన్ అనే రసాయనం. ఒంట్లోకి వెళ్లాక సైలోసిన్‌గా మారి పనిచేస్తుంది. పేడ మీద మొలిచే సైలోసైబీ క్యూబెన్సిస్ అనే జాతిలో ఎండు బరువుకి ఇది సుమారు 0.6 శాతం. దాని బంధువే, యూరప్ పచ్చికల్లోని సెమిలాన్సియాటాలో దాదాపు 1 శాతం. అమెరికా పశ్చిమ తీరపు అజురెసెన్స్‌లో 1.78 శాతం దాకా కొలిచారు. స్విస్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో ఈ పదార్థాన్ని విడదీసింది మాత్రం మెక్సికానా అనే ఇంకో జాతి నుంచి.

అయితే ఈ అంకెల్ని మరీ నమ్ముకోకండి. ఒకే జాతిలో, ఒకే గుత్తిలో కూడా ఒక గొడుగుకీ ఇంకోదానికీ రెట్లలో తేడా వస్తుంది. నలిపితే నీలంగా మారడం సైలోసిన్ గాలి తగిలి మారడమే, ఘాటుకి కొలత కాదు. తెల్ల చుక్కల ఎర్ర గొడుగు అమనిటా మస్కారియాది వేరే లెక్క, అందులో ఉండేది మస్సిమాల్ అనే వేరే రసాయనం.

వానాకాలంలో చెరువు గట్టున కుక్కగొడుగులు చూసి ఇవేనేమో అనుకునేవాళ్లకి ఒక మాట: గెలెరినా అనే గోధుమరంగు గొడుగు చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కాలేయాన్ని తినేస్తుంది. పైగా మన దగ్గర సైలోసిబిన్ 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి వస్తుంది.