62 వేల గిటారా, 5 వేల పికప్‌లా?

ప్రశ్న: నమస్తే సార్. మాది హనుమకొండ, వడ్డేపల్లి. నాకు 26 ఏండ్లు. జిరాక్స్ సెంటర్ల పనిచేస్త, నెలకు 14 వేలు. లగ్గాలప్పుడు ఆర్కెస్ట్రాల ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్త. ప్రోగ్రాంకు 1,500 ఇస్తరు, ఏడాదికి ఓ 40 దొరుకుతయి. ఆదివారం చర్చిల వాయిస్త, అది సేవ, పైసలు తీసుకోను. ఇప్పుడున్న గిటార్ ఆరేండ్ల కింద 13 వేలకు కొన్న. తీగల కింద సౌండ్ పట్టే పికప్‌లు మూడు, అన్నీ సింగిల్ కాయిల్‌వే. ఫంక్షన్ హాల్ల సీరియల్ లైట్లు వేస్తే చాలు, గుయ్యిమని మోత. సౌండ్ కూడా పల్చగ వస్తది. హాల్ల గిటార్ యాంప్ ఉండదు, డైరెక్టుగ మిక్సర్‌కే పెడ్తరు. షాపుల 62 వేల గిటార్ చూసిన. 8 వేలు ముందు కట్టి, మిగిలిన 54 వేలకు 14 శాతం వడ్డీతోటి 18 నెలలు 3,630 చొప్పున కట్టుమన్నరు. మా దోస్తు పికప్‌లు మారిస్తే చాలంటున్నడు. పికప్‌ల సెట్టు 2,400, పాట్లు (వాల్యూమ్, టోన్ తిప్పేటివి), స్విచ్చు, జాక్ కలిపి 700, రాగి రేకు టేపు 350, తీగలు 600, పని కూలి 800 అయితదట. చేతిల 21 వేలున్నయి. అమ్మ పేరు మీద 50 వేల చిట్టి ఆరో నెల నడుస్తున్నది. అది పాడుమంటరా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట మీరు నడుమ చెప్పి వదిలేశారు. హాల్లో గిటార్‌ను నేరుగా మిక్సర్‌కే పెడతారన్న మాట. దాని దగ్గరికి వస్తాను, ముందు అప్పు సంగతి చూద్దాం.

షాపువాళ్లు చెప్పిన 14 శాతం ఫ్లాట్ వడ్డీ. 54 వేలకు ఏడాదిన్నర వడ్డీ 11,340 కట్టి, మొత్తం 65,340ని 18తో భాగిస్తే 3,630 వచ్చింది. మీరు నెలనెలా అసలు తీర్చుకుంటూ పోతారు కదా, పదిహేడో నెలలో మీ దగ్గర మిగిలి ఉండే బాకీ సుమారు ఏడు వేలే. వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి 54 వేల మీదే పడుతుంది. తగ్గే బాకీ మీద లెక్క వేస్తే ఇది ఏడాదికి దాదాపు 25 శాతం. బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా ఇలాంటి అప్పుకు అసలు వార్షిక రేటు, అన్ని ఖర్చులతో సహా, ఒక కాగితం మీద చూపించాలని రిజర్వు బ్యాంకు నియమం. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు. అది మీకు అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి. సంతకం పెట్టే ముందు అడగండి. ఇవ్వడానికి వెనకాడితే ఆ కౌంటర్ దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

వడ్డీ కన్నా నన్ను భయపెట్టేది వాయిదా తేదీ. కిస్తీ ప్రతి నెలా వస్తుంది, మీ గిటార్ సంపాదన ప్రతి నెలా రాదు. ఆషాఢంలో లగ్గాలుండవు, భాద్రపదంలో ఉండవు, పుష్యంలో ఉండవు, మధ్యలో మూఢం వస్తే ఇంకో నెల పోతుంది. ఆ నెలల్లో 3,630 మీ జిరాక్స్ జీతంలోంచే కట్టాలి, అంటే 14 వేలలో నాలుగో వంతుకు పైగా. ముందు కట్టే 8 వేలు కలిపితే ఆ గిటార్ మీకు 73,340 పడుతుంది. 1,500 చొప్పున 49 ప్రోగ్రాంలు. ఏడాదికి 40 చేసే మనిషి ఏడాది మీద మూడు నెలలు ఒక్క గిటార్ బాకీ కోసమే రాత్రుళ్లు నిలబడి వాయించాలి.

కొత్త గిటార్ సంపాదన పెంచితే అది వేరే సంగతి. అందుకే మీ ఆర్కెస్ట్రా యజమానిని సూటిగా అడగండి: "అన్నా, మంచి గిటార్ తెస్తే ప్రోగ్రాంకు 2,000 ఇస్తవా?" ఇస్తానంటే ఏడాదికి 20 వేలు ఎక్కువ వస్తాయి. అప్పుడు కూడా పెట్టిన డబ్బు తిరిగి రావడానికి మూడున్నరేళ్లు దాటుతుంది. మాట దాటేస్తే, మీరు కొనేది సంతోషం కోసమని ఒప్పుకోండి. సంతోషం కోసం కొనడం తప్పు కాదు. 25 శాతం అప్పు చేసి కొనడం తప్పు.

ఇక మిక్సర్. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన ముక్క. దాని పైన గిటార్ తీగ కదిలితే అందులో చిన్న విద్యుత్తు పుడుతుంది. ఎంత చిన్నదంటే, దాన్ని అందుకునే పెట్టె దాని మీద బరువు వేయకూడదు. గిటార్ యాంప్ ఇన్‌పుట్ సాధారణంగా 10 లక్షల ఓమ్‌లు (విద్యుత్తుకు అడ్డంకి కొలత) ఉంటుంది, అందుకే బరువు పడదు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10, 20 వేల ఓమ్‌ల దగ్గర ఉంటుంది. నేరుగా అందులో పెడితే సిగ్నల్ అక్కడే నీరసించిపోతుంది. పైగా గిటార్ కోసం చేసిన స్పీకరు గరుకు శబ్దాన్ని కొంత కోసేసి నడుమ స్వరాలకు నిండుదనం ఇస్తుంది. హాలు స్పీకర్లు ఆ పని చేయవు. మీరు చెప్పిన పల్చటి సౌండ్‌కు ఇది చాలా దగ్గర కారణం. 62 వేల గిటార్ తెచ్చి అదే మిక్సర్‌లో అదే కేబుల్‌తో పెడితే అదీ పల్చగానే మోగుతుంది. పికప్‌లు మార్చినా కొంతవరకే బాగుపడుతుంది. కాబట్టి ఒక సాయంత్రం తెలిసినవాళ్ల యాంప్‌లో మీ పాత గిటార్ పెట్టి వాయించండి. అక్కడ నిండుగా పలికిందంటే మీరు కొనాల్సింది యాక్టివ్ డీఐ బాక్సు, అంటే గిటార్‌కూ మిక్సర్‌కూ నడుమ పెట్టి సిగ్నల్ మీద బరువు పడకుండా చూసే చిన్న పెట్టె. రెండు నుంచి నాలుగు వేల మధ్య దొరుకుతుంది.

మోతను కూడా ఇలాగే పట్టుకోవాలి. హాల్లో మోత వస్తున్నప్పుడు గిటార్ వాల్యూమ్ సున్నాకు తిప్పండి. అయినా వస్తుంటే తప్పు పికప్‌ది కాదు. కేబుల్‌దో, జాక్‌దో, హాలు కరెంటుదో. ఆగిపోతే మళ్లీ వాల్యూమ్ పెంచి, నిలబడ్డ చోటే మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున పెరిగి, ఇంకో దిక్కున తగ్గుతుంటే పికప్‌లే దాన్ని పట్టుకుంటున్నాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. లైట్ల తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు గాలిలోకి వదిలే ఆ ఊపును ఒంటి కాయిల్ పికప్ గిటార్ తీగ శబ్దంతో పాటే మోసుకొస్తుంది. దీనికి విరుగుడుగా గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సేత్ లవర్ 1955లో రెండు కాయిళ్ల పికప్‌కు పేటెంట్ కోరాడు. రెండో కాయిల్‌లో రాగి తీగ చుట్టిన దిక్కు, అయస్కాంతం దిక్కు రెండూ తిరగేసి ఉంటాయి. గిటార్ తీగ శబ్దం కలుస్తుంది, మోత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. హమ్ అంటే మోత, దాన్ని ఎదిరించేది కాబట్టి హంబకర్ అన్న పేరు వచ్చింది.

ఇక్కడ ఒక్క మాట ఆగి చెప్పాలి. మోత పోవడానికి ప్లగ్గు మూడో పిన్ను తీసేసేవాళ్లు మన హాళ్లలో ఉన్నారు. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. గిటార్ తీగలు సరంజామా ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ తెగి లోపల లీకేజీ ఉందంటే, మీ వేళ్లు తీగ మీద, పెదవి మైకు మీద ఉన్న క్షణంలో ప్రాణం పోవచ్చు. ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చే మోత (ఎర్త్ లూపు) అయితే డీఐ బాక్సు మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చు దాన్ని భద్రంగా తీసేస్తుంది. మీ అమ్మగారికి మీరు ఎంత అవసరమో ఈ ఉత్తరం చదివిన నాకే తెలుస్తోంది.

పరీక్షలో తప్పు పికప్‌లదేనని తేలితే మీ దోస్తు మాటే సరైనది. ఆయన చెప్పిన లెక్క కూడితే 4,850. అందులోనూ మొదట 600 తీగలే కొనండి. స్క్రూడ్రైవర్‌తో పికప్‌ల ఎత్తు సరిచేయండి. చివరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ పట్టీ) దగ్గర తీగ నొక్కి చూస్తే, తీగకూ పికప్‌కూ మధ్య లావు తీగ దగ్గర సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర 2 మిల్లీమీటర్లు సందు ఉండాలి. మరీ దగ్గరయితే అయస్కాంతం తీగను లాగి శ్రుతి వణుకుతుంది, దూరమయితే శబ్దం పల్చబడుతుంది. దీంతోనే సంతృప్తి కలిగితే మిగిలినవి కొనకండి.

కొంటే మాత్రం చూసి కొనండి. చవక సెట్లలో చాలావాటికి ఒక్కో తీగ కింద ఇనుప స్తంభాలు, కింద సిరామిక్ అయస్కాంతం ఉంటాయి. కొంచెం ఖరీదైనవాటిలో స్తంభాలే ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతాలు. సిరామిక్ అనగానే మూతి ముడవనక్కర్లేదు, గట్టిగా పలుకుతుంది. ఓమ్‌లు ఎక్కువ చూపించి "హాట్" అని రాసినదాన్ని మాత్రం ఆ అంకె చూసే కొనవద్దు. అది చుట్ల సంగతి కొంత చెబుతుంది, సౌండ్ సంగతి చెప్పదు. మొదటి స్తంభం నుంచి ఆరో స్తంభం దాకా దూరం కొలిచి పెట్టుకోండి. 50, 52 మిల్లీమీటర్లంటూ రకరకాలుగా వస్తాయి, తప్పు సైజు మూతలో పట్టదు. నడిమి పికప్ తిరగేసి చుట్టినదేనా అని అమ్మేవాణ్ని అడగండి. అలాంటిదయితే పికప్‌లను ఎంచుకునే స్విచ్చు రెండు, నాలుగు స్థానాల్లో మోత చాలావరకు పోతుంది. బ్రిడ్జి (తీగలు గిటార్ ఒంటి మీద ఆనే చోటు) దగ్గర సింగిల్ కాయిల్ సైజులోనే వచ్చే రెండు పట్టీల హంబకర్ పెడితే మీకు ఇంకా మేలు, చెక్క చెక్కాల్సిన పని ఉండదు. పాత 250 కిలో ఓమ్‌ల పాట్లు బాగుంటే అలాగే ఉంచి వినండి, సౌండ్ కొంచెం మెత్తబడుతుంది, మీరు కోరేది అదే కదా. విప్పే ముందు వైరింగ్‌ను ఫోన్‌లో ఫొటో తీయండి. రెండు పికప్‌లు కలిపి వాయించినప్పుడు శబ్దం బోలుగా వస్తే ఒకదాని వైర్లు తారుమారయ్యాయని అర్థం.

కొత్త పికప్‌ల వల్ల గిటార్ అమ్మకం ధర పెరుగుతుందని ఆశించకండి. 13 వేల గిటార్‌ను కొనేవాడు 13 వేల గిటార్‌గానే చూస్తాడు. అందుకే పాతవాటిని డబ్బాలో దాచండి. అమ్మే రోజున వాటిని తిరిగి పెట్టి, కొత్తవి మీ తర్వాతి గిటార్‌కు తీసుకెళ్లొచ్చు.

పికప్‌లు, డీఐ బాక్సు రెండూ కావాల్సి వచ్చినా షాపువాళ్లు మొదట కట్టమన్న 8 వేల దగ్గరే అయిపోతుంది. మీ దగ్గర ఇంకా దాదాపు 13 వేలు ఉంటాయి. అది ముట్టకండి. లగ్గాలు లేని నెలల కోసం అది.

అమ్మ చిట్టి పాడొద్దు. ఆరో నెలలో పాడితే ఎంత తగ్గించి తీసుకోవాలో మీకు తెలుసు, ఆ పైన మిగిలిన నెలలన్నీ కట్టుకుంటూ పోవాలి. ఆమె ఏ అవసరానికి వేసుకున్నారో మీరు రాయలేదు. అడిగారా?

62 వేల గిటార్ మీద ఆశ చావకపోతే, వేరే ఖాతా ఒకటి తెరిచి ప్రోగ్రాంకు 500 అందులో వేయండి. నెల లెక్క వద్దు, ప్రోగ్రాం లెక్కే. ఆషాఢంలో ఏమీ వేయకపోయినా మిమ్మల్ని ఎవరూ ఫోన్ చేసి అడగరు. ఏడాదికి 20 వేలు. రెండేళ్ల తర్వాత 40 వేలతో, పాత గిటార్ అమ్మిన డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఏం దొరుకుతుందో అప్పుడు చూద్దాం.

వచ్చే ప్రోగ్రాంలో సీరియల్ లైట్లు వెలిగాక వాల్యూమ్ సున్నాకు తిప్పి వినండి. మోత ఆగిందో లేదో రాయండి.